తూనీగల పరిశీలన: కాజీపేట పరిసర చెరువులు, కుంటలు

తూనీగల పరిశీలన అంటే చెరువులు, కుంటలు, కాలువలు, పొలాల వెంట తూనీగలను పట్టకుండా, చంపకుండా చూసి, అవి ఏ జాతివో గుర్తించి, చోటు, తేదీ, వేళలతో సహా నమోదు చేయడం. తూనీగలు ఒడొనేటా క్రమానికి చెందిన కీటకాలు. ప్రపంచంలో ఇంతవరకు 6,300కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. భారతదేశంలో సుమారు 500 జాతులున్నాయి.

హనుమకొండ జిల్లాలోని కాజీపేట పేరు చెప్పగానే రైల్వే జంక్షన్ గుర్తుకొస్తుంది. అయితే ఈ ఊరు వరంగల్ ప్రాంతపు గొలుసుకట్టు చెరువుల నడుమ, నల్లరాతి గుట్టల మధ్య ఉంది. తాగునీటి చెరువు, పెద్ద రిజర్వాయరు, మురుగు కలిసే కుంట, వరి మడి, గుట్ట మీది రాతి దోనె, ఇంటి వెనక సిమెంటు తొట్టి అన్నీ కొద్ది కిలోమీటర్లలోనే కనబడతాయి. తూనీగల్లో ఒక్కో జాతి ఒక్కో రకం నీటిని ఎంచుకుంటుంది. అందుకే ఇక్కడ గుర్తింపు నేర్చుకునేవారు ముందు నీటిని చూడాలి, తూనీగ రంగు తర్వాతి సంగతి.

పేరు, వాడుక

‘తూనీగ’ అచ్చ తెలుగు మాట. ఎర్రది, పసుపుది, పెద్దది, సన్నది అన్నీ జనం నోట తూనీగలే. జాతులను విడదీసి చెప్పే పేర్లు వాడుకలో స్థిరపడలేదు. కాబట్టి పరిశీలకులు శాస్త్రీయ నామాలను, ‘గ్రనైట్ గోస్ట్’, ‘డిచ్ జ్యువెల్’ వంటి ఇంగ్లీషు వాడుక పేర్లను తెలుగు లిపిలో రాసుకుంటున్నారు. ఈ వ్యాసంలోనూ అదే పద్ధతి పాటించాం. 2001లో వచ్చిన ‘మనసంతా నువ్వే’ సినిమాకు సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాటతో ‘తూనీగ’ అన్న మాట పట్నం పిల్లల నోళ్లలోనూ నానింది.

తూనీగలు గుంపులుగా, నేలకు దగ్గరగా ఎగిరితే వాన వస్తుందన్నది పల్లెల్లో పాత నమ్మకం. నైరుతి గాలులతో పాటు తరలివచ్చే పాంటాలా జాతి గుంపులే ఈ నమ్మకానికి ఆధారమై ఉండవచ్చు (చూ. వలస). తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం, కాళ్లకు చిన్న రాయి అందించి మోయించడం కూడా ఒకప్పుడు ఊరూరా ఉన్న పిల్లల ఆటలు. తోక అని మనం పిలిచేది నిజానికి దాని ఉదరం. జీర్ణనాళం, శ్వాసరంధ్రాలు, జననాంగాలు అందులోనే ఉంటాయి. దారం బిగిస్తే వాటికే దెబ్బ. ఈ సంగతి పిల్లలకు చెప్పి, దారం బదులు చేతికో నోటు పుస్తకం ఇస్తే ఆ కుతూహలమే పరిశీలనగా మారుతుంది.

అధ్యయన చరిత్ర

తూనీగల వంశం చాలా పాతది. వాటి దూరపు బంధువు మెగాన్యూరా సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట జీవించింది. దాని రెక్కల వెడల్పు 65 సెంటీమీటర్లకు పైనే. ఒడొనేటా అన్న క్రమం పేరును 1793లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ పెట్టాడు. దవడల మీది పళ్లను బట్టి వచ్చిన పేరది. వరి పొలాల్లో కనిపించే పసుపు సన్న తూనీగకు 1798లో ఆయన పెట్టిన జాతి పేరు ‘కోరమాండలియానమ్’. మన తూర్పు తీరానికి ఐరోపావాళ్లు పెట్టిన కోరమాండల్ అన్న పేరు అలా ఆ కీటకానికి అంటింది.

భారత తూనీగల మీద మొదటి సమగ్ర గ్రంథం ఎఫ్.సి. ఫ్రేజర్ రాసింది. ఆయన వృత్తిరీత్యా సైనిక వైద్యుడు. ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ వరుసలో ఆయన మూడు సంపుటాలు 1933, 1934, 1936ల్లో వెలువడ్డాయి. ఇప్పటికీ సందేహం వస్తే పరిశోధకులు తిరగేసేది వాటినే. అవి నిపుణుల కోసం రాసినవి. మామూలు పాఠకుడు చెరువు గట్టుకు తీసుకెళ్లదగిన పుస్తకం కె.ఎ. సుబ్రమణియన్ ద్వారా వచ్చింది. ద్వీపకల్ప భారత తూనీగలపై ఆయన రాసిన సచిత్ర కరదీపికను 2005లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురించింది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాదులో మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫోన్ కెమెరాలు వచ్చాక ఐనాచురలిస్ట్ వంటి వేదికల్లో ఫొటో, స్థలం, తేదీ నమోదు చేసే పౌర పరిశీలకుల పాత్ర పెరిగింది.

వర్గీకరణ

ఒడొనేటాలో మూడు ఉపక్రమాలున్నాయి. అనైసోప్టెరాలో ఉన్నవి అసలైన తూనీగలు: ఒళ్లు దిట్టంగా, వెనక రెక్క ముందుదాని కంటే వెడల్పుగా ఉంటుంది. వాలినప్పుడు రెక్కలు పక్కలకు చాచి ఉంచుతాయి. జైగోప్టెరాలోవి సన్న తూనీగలు: సూదిలాంటి ఒళ్లు, నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే ఆకారం. చాలా జాతులు వాలాక రెక్కలను వీపు మీద మడుస్తాయి. మూడోది అనైసోజైగోప్టెరా. దీనికి చెందినవి మన దేశంలో హిమాలయ వాగుల్లో మాత్రమే ఉన్నాయి, తెలంగాణలో లేవు.

దూరం నుంచి విడదీయడానికి కళ్లు బాగా అక్కరకొస్తాయి. సన్న తూనీగల కళ్లు తలకు అటొకటి ఇటొకటి, ఎడంగా ఉంటాయి. అసలైన తూనీగల్లో లిబెల్యులిడే కుటుంబానివి నడినెత్తిన కలుసుకుంటాయి. గాంఫిడే కుటుంబానివి మాత్రం విడిగానే ఉంటాయి. మన చెరువుల దగ్గర కనిపించే పెద్ద తూనీగల్లో ఎక్కువ భాగం లిబెల్యులిడే కుటుంబానివే.

శరీర నిర్మాణం

శరీరం తల, ఉరం, ఉదరం అని మూడు భాగాలు. తలలో ఎక్కువ చోటు సంయుక్త నేత్రాలదే. పెద్ద జాతుల్లో ఒక్కో కంటిలో 30 వేల దాకా చిన్న నేత్ర భాగాలుంటాయి. స్పర్శశృంగాలు మాత్రం వెంట్రుకల్లా పొట్టివి. దీన్నిబట్టి తూనీగ ప్రపంచం వాసనలది కాదు, చూపుది అని తెలుస్తుంది. నాలుగు రెక్కలకూ వేర్వేరు కండరాలుండటంతో నిలిచిన చోటే ఎగరగలదు, ఉన్నట్టుండి పక్కకు తిరగగలదు. ముళ్లున్న ఆరు కాళ్లు గాల్లో బుట్టలా ముడుచుకుని ఎరను పట్టుకుంటాయి. నడకకు అవి పనికిరావు. ప్రయోగశాల పరిశీలనల్లో కొన్ని జాతులు వేటకు దిగిన నూరు సార్లలో 90కి పైగా ఎరను దక్కించుకున్నాయి.

ఉదరంలో పది ఖండాలు. మగవాటిలో రెండో ఖండం అడుగున ఉబ్బు కనిపిస్తుంది. అది అనుబంధ జననాంగం. ఆడ, మగ తేల్చడానికి పక్కనుంచి తీసిన ఫొటో కావాలనడం ఇందుకే.

జీవిత చక్రం

తూనీగలది అసంపూర్ణ రూపవిక్రియ: గుడ్డు, సరూపశాబకం (పిల్ల దశ), ప్రౌఢ తూనీగ. నడుమ ప్యూపా దశ లేదు.

జత కట్టేటప్పుడు మగది తోక చివరి కొక్కేలతో ఆడదాని మెడను (సన్న తూనీగల్లో ఉరం ముందుభాగాన్ని) పట్టుకుంటుంది. ఆడది తన ఉదరాన్ని ముందుకు వంచి మగదాని రెండో ఖండానికి చేరుస్తుంది. రెండూ కలిసి చక్రంలా, సన్న తూనీగల్లో అయితే హృదయాకారంలా కనిపిస్తాయి. అంతకు ముందు మరో మగది వదిలిన వీర్యాన్ని ఈ మగది తొలగించగలదని 1979లో జోనథన్ వాగీ ఒక సన్న తూనీగ జాతిలో నిరూపించాడు. గుడ్లు పెట్టేదాకా మగది ఆడదాన్ని వదలకపోవడానికి, పైన కాపలా తిరగడానికి కారణం అదే. ఆడది తోక కొసతో నీటిని టపటపా తాకుతూ గుడ్లు వదలడం చెరువు అంచున ఏ ఉదయమైనా కనిపించే దృశ్యం. సన్న తూనీగలు నీటి మొక్కల కాడల్లో గాటు పెట్టి గుడ్లను అందులో దాస్తాయి.

సరూపశాబకం నీళ్లలోనే పెరుగుతుంది. దాని కింది పెదవి మడతపడి ముఖం కింద దాగి ఉంటుంది. దోమ పిల్ల, తోకకప్ప, చిన్న చేప దగ్గరకొస్తే ఆ పెదవి చటుక్కున చాచి పట్టేస్తుంది. అసలైన తూనీగల పిల్లలకు మొప్పలు పురీషనాళంలో ఉంటాయి. వెనకనుంచి నీటిని చిమ్మి రాకెట్టులా దూసుకుపోగలవు కూడా. సన్న తూనీగల పిల్లలకు తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి. వానాకాలపు నీటి గుంటల్లో పెరిగే పాంటాలా ఆరేడు వారాల్లో ఎదిగిపోతుంది. చల్లని దేశాల్లో కొన్ని జాతులకు ఏళ్లు పడుతుంది.

రెక్కలు రావడం రాత్రి చివరి జామున, తెల్లవారుజామున ఎక్కువగా జరుగుతుంది. పిల్ల తుంగ కాడ ఎక్కి, గోళ్లతో గట్టిగా పట్టి, కదలకుండా ఉండిపోతుంది. వీపు నిలువునా చీలుతుంది. ముందు ఉరం, తల బయటికి వస్తాయి. తర్వాత మెత్తని శరీరం వెనక్కి వాలి తలకిందులుగా కాసేపు వేలాడుతుంది. కాళ్లు గట్టిపడ్డాక ఒక్క ఊపున పైకి లేచి, తన పాత తల మీదే పట్టు దొరకబుచ్చుకుని తోకను లాగేసుకుంటుంది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు నెమ్మదిగా విచ్చుకుంటాయి. అప్పుడే వచ్చిన తూనీగ పాలిపోయి, రెక్కలు నూనె పూసినట్టు మెరుస్తూ ఉంటుంది. అసలు రంగు రావడానికి రోజులు పడుతుంది. కాడను పట్టుకుని మిగిలిపోయిన ఖాళీ కుబుసం ఆ జాతి ఆ నీళ్లలోనే పుట్టిందనడానికి తిరుగులేని సాక్ష్యం. ఎగిరే తూనీగ ఎక్కడినుంచైనా వచ్చి ఉండవచ్చు కనుక, పరిశీలకులు కుబుసానికి ఎక్కువ విలువ ఇస్తారు.

కాజీపేట పరిసర జలాశయాలు

కాజీపేటకు హనుమకొండకు నడుమనున్న వడ్డేపల్లి చెరువు నగరానికి తాగునీరిచ్చేది. ఊళ్లో బంధం చెరువు ఉంది. పక్కనే ధర్మసాగర్ రిజర్వాయరు, దేవాదుల ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీటిని నింపుకుంటుంది. వరంగల్ వైపు కాకతీయుల నాటి భద్రకాళి చెరువు ఉంది. ఇంకా దూరం వెళ్లగలిగినవారికి పాకాల, రామప్ప, లక్నవరం ఉన్నాయి. అక్కడ అడవి నీడ, పారే వాగుల వల్ల ఊరి చెరువుల్లో కనిపించని జాతులకు అవకాశం ఎక్కువ.

ఒక చెరువులోనే తూనీగలకు అనేక చోట్లు ఉంటాయి. కట్ట వైపు నీరు లోతుగా, అంచున రాతి పేర్పుతో ఉంటుంది. ఎదురు వైపు శిఖం భూమిలో నీరు పలచబడి తుంగ, జమ్ము, తామర పెరుగుతాయి. తూము కింద కాలువ పారుతుంది. మత్తడి దూకాక కింద గుంటలు నిలుస్తాయి. కట్ట మీద నడకబాట ఉన్నచోట జనం అటే వెళతారు. తూనీగలు ఎక్కువుండేది మాత్రం శిఖం వైపు, తూము కింద.

నీటిని బట్టి జాతులు

సిమెంటు తొట్టి, రాతి గుట్ట. ఇక్కడి జాతి బ్రాడినోపైగా జెమినేటా, వాడుకలో గ్రనైట్ గోస్ట్. బూడిద రంగు మీద నల్లని, తెల్లని మరకలతో అచ్చం నల్లరాతి ముక్కలా ఉంటుంది. గోడ మీదో బండ మీదో రెక్కలు పూర్తిగా చదునుగా ఆనించి వాలుతుంది. అడుగు దూరంలో ఉన్నా కంటికి ఆనదు. లేచి ఎగిరాకే ఇంతసేపూ అక్కడ ఉందని తెలుస్తుంది. కాజీపేట దగ్గరి మడికొండ వైపు గుట్టల మీద వాన నీరు నిలిచే రాతి దోనెలు, ఇళ్ల దగ్గరి మూతలేని తొట్లు, చేపలు లేని నీళ్లు దీనికి పుట్టిళ్లు. తెలంగాణ రాతి నేలకు ప్రతినిధిగా ఒక్క తూనీగను ఎంచుకోమంటే ఎంచదగింది ఇదే.

మురుగు కలిసే కుంట, కాలువ. బ్రాకిథెమిస్ కంటామినేటా, అంటే డిచ్ జ్యువెల్. మగది నారింజ రంగులో ఉంటుంది. రెక్కల్లోనూ నారింజ ఛాయ సగానికి పైగా పరుచుకుంటుంది. ఆడది లేత పసుపు గోధుమ రంగులో, రెక్కలు తేటగా ఉంటాయి. నీటి అంచున గడ్డి పరకల మీద తక్కువ ఎత్తులో డజన్ల కొద్దీ వాలి ఉంటాయి. కలుషిత నీటిని బాగా తట్టుకుంటుంది.

చెరువు అంచు. ఇక్కడ మూడు ఎర్ర తూనీగలు కొత్తవారిని తికమక పెడతాయి. క్రోకోథెమిస్ సెర్విలియా మగది నెత్తురు ఎరుపు, ఉదరం వీపు మీద సన్నని నల్లని గీత నిలువునా ఉంటుంది. ట్రైథెమిస్ అరోరా మగదానిలో ఎరుపుకు ఊదా కలిసి గులాబీ ఛాయ వస్తుంది, రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉంటాయి. యూరోథెమిస్ సిగ్నేటాలో వెనక రెక్క మొదట్లో ముదురు మచ్చ, తోక చివరి ఖండాల మీద నల్ల చుక్కలు ఉంటాయి. ఈ మూడింటి ఆడవీ పసుపు గోధుమ రంగుల్లో ఉంటాయి, వాటిని మగవాటి పక్కన చూసి పోల్చుకోవడమే మేలు.

అదే అంచున ఆర్థెట్రమ్ సబీనా, పచ్చగా నల్ల చారలతో, ఉదరం మొదట ఉబ్బి తర్వాత సన్నబడి, కనిపిస్తుంది. ఇది తోటి తూనీగలనే, తనంతటివాటిని సైతం పట్టి తింటుంది. నీటి వైపు పొడుచుకొచ్చిన ఎండు పుల్ల కొసన నల్లని ఒంటిపై పసుపు మచ్చలతో పెద్ద తూనీగ కూర్చుంటే, ఎనిమిదో ఖండం పక్కన చిన్న ఆకుల్లాంటి రెక్కమడతలు వెతకాలి. అవి ఉంటే ఇక్టినోగాంఫస్ రాపాక్స్. తరిమినా మళ్లీ అదే పుల్ల మీదికి వస్తుంది కనుక ఫొటోకు అనువైనది. ట్రైథెమిస్ పాలిడినెర్విస్ కూడా పుల్ల కొసనే వాలుతుంది, పొడవైన కాళ్ల మీద ఎత్తుగా నిలుస్తుంది. పసుపు, నలుపు రంగుల రెక్కలతో సీతాకోకచిలుకలా తేలుతూ గుంపులుగా తిరిగేది రయోథెమిస్ వేరియెగేటా.

వరి మడి, గడ్డి తడి. న్యూరోథెమిస్ టులియా మగదానికి రెక్క మొదటి సగం నల్లన, ఆపైన పాలతెలుపు పట్టీ, కొస తేట. సన్న తూనీగలకు కూడా ఇదే చోటు. సెరియాగ్రియాన్ కోరమాండలియానమ్ నిమ్మపండు పసుపు. ఇష్నూరా సెనెగలెన్సిస్ మగది వీపు నల్లన, తోక చివర నీలం మచ్చ. అగ్రియోక్నెమిస్ పిగ్మియా పొడవు రెండు సెంటీమీటర్లకు అటూఇటూ, మోకాళ్ల మీద కూర్చుని గడ్డి మొదళ్లలో వెతికితే తప్ప కనిపించదు.

బయలు, మైదానం. నీటికి దూరంగా నేల మీదే వాలే చిన్న తూనీగ డిప్లకోడెస్ ట్రివియాలిస్. మగది ఎదిగేకొద్దీ నీలి బూడిద పూతతో కప్పబడుతుంది. ఆడది లేత పచ్చ. తల పైన ఆగకుండా తిరుగుతూ ఎక్కడా వాలనిది పాంటాలా ఫ్లావెసెన్స్.

మునిమాపు. దీపాలు పెట్టే వేళ చెరువు మీద వేగంగా తిరిగేది థోలిమిస్ టిల్లార్గా. మగదాని వెనక రెక్క మీది తెల్లమచ్చ మసకలో మెరుస్తుంది.

గుర్తించే పద్ధతి

రంగు ఒక్కటే చూసి పేరు పెట్టడం తరచు తప్పుకు దారి తీస్తుంది. వయసుతో రంగు మారుతుంది. ఆడ, మగ వేరుగా ఉంటాయి. ఎక్కడ వాలింది, ఎంత ఎత్తులో, రెక్కలు ఎలా పెట్టింది, తిరిగి అదే చోటికి వస్తుందా అన్నవి ముందు చూసి, తర్వాత రెక్క మచ్చలు, ఉరం చారలు, తోక కొసలు చూడాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కనీసం రెండు ఫొటోలు కావాలి. రెండు మీటర్ల దగ్గరి వస్తువును కూడా స్పష్టంగా చూపే బైనాక్యులర్లు ఉంటే ఫొటో లేకుండానే పని జరుగుతుంది. నెమ్మదిగా, నీడ దాని మీద పడకుండా దగ్గరకు వెళ్లాలి. తూనీగ కుట్టదు, దానికి కొండి లేదు.

ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు మంచి వేళ. మబ్బు కమ్మితే చాలా జాతులు గడ్డిలోకి పోతాయి. నడి ఎండలో కొన్ని తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి నిలబడతాయి. ఎండ తగిలే ఒంటి భాగాన్ని తగ్గించుకునే ఉపాయమది. ఏడాదిలో చెరువులు నిండి మత్తడి పోసే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా జాతులు, సంఖ్య రెండూ ఎక్కువ. ఎండాకాలంలో మిగిలిన కొద్ది నీటి చుట్టూ గుమిగూడతాయి. చూడటానికి అది సులువే గాని జాతులు తక్కువ.

వలస

పాంటాలా ఫ్లావెసెన్స్ వలస కీటకాల్లో ప్రసిద్ధమైనది. నిలవ మంచినీరు అతి తక్కువగా ఉండే మాల్దీవుల్లో ఏటా అక్టోబరులో ఇవి లక్షల సంఖ్యలో దిగుతాయి. ఇవి భారతదేశం నుంచి గాలి వాటున హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తున్నాయని మాల్దీవుల్లోని సముద్ర జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. రాకపోకలు కలిపి 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు, అదీ కొన్ని తరాలు చేతులు మారుతూ సాగుతుందని ఆయన అంచనా. మాల్దీవుల్లో దొరికిన రెక్కల్లోని హైడ్రోజన్ ఐసోటోపులను పరీక్షించి 2012లో వెలువరించిన ఫలితాలు అవి ఉత్తర భారతం, ఆ పై ప్రాంతాల నీళ్లలో పుట్టాయని సూచించాయి. కాజీపేటలో బడి మైదానం మీద జూన్‌లో తిరిగే గుంపు ఈ జాతిదే.

ప్రాముఖ్యం

సరూపశాబకాలు దోమ పిల్లలను, ప్రౌఢ తూనీగలు ఎగిరే దోమలను, వరికి హాని చేసే పురుగులను తింటాయి. దోమల కోసమని చేపలు వదిలిన తొట్లలో తూనీగ పిల్లలు కూడా చేపల పాలవుతాయి. రెండింటిలో ఏది ఎక్కడ మేలన్నది ఆ నీటిని బట్టి తేల్చాలి.

నీటి నాణ్యతకు తూనీగలు మంచి సూచికలు. ఒక కుంట దగ్గర డిచ్ జ్యువెల్ తప్ప మరేదీ కనబడకపోతే అక్కడ మురుగు ఎక్కువైందని అనుమానించవచ్చు. అంచున గడ్డి, నీటి మొక్కలు రకరకాలుగా ఉన్నచోట సన్న తూనీగల రకాలూ పెరుగుతాయి. పరీక్షశాల లేకుండానే, ఒకే చెరువును ఏటా అదే నెలలో చూసి రాసుకున్న జాబితాలు ఆ చెరువు ఆరోగ్య చరిత్ర అవుతాయి.

ముప్పులు

శిఖం భూముల ఆక్రమణ, ఇళ్ల మురుగు, గుర్రపుడెక్క, పురుగుమందులు ప్రధానమైనవి. గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పేస్తే నీటి వెలుగును వెతికే ఆడ తూనీగకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. పూడికతీత సంగతి అంత సూటిగా తేలదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టారు. భద్రకాళి చెరువు నీటిని 2024 చివర్లో వదిలి పూడికతీత చేపట్టారు. నీటి నిలవకు ఇది అవసరమే. కానీ చెరువంతా ఒకేసారి ఎండితే బురదలోని సరూపశాబకాలన్నీ పోతాయి. ఒక మూల నీరు, తుంగ వదిలి మిగతాది తవ్వితే మళ్లీ నిండినప్పుడు ఆ మూల నుంచే తూనీగలు విస్తరిస్తాయి. చుట్టూ కాంక్రీటు అంచు కట్టినచోట పిల్ల ఎక్కి రెక్కలు తెచ్చుకోవడానికి కాడే ఉండదు.

అంతగా గమనించని ముప్పు మరొకటి ఉంది. తూనీగ నీటిని పోల్చుకునేది ఉపరితలం నుంచి అడ్డంగా ధ్రువణం చెంది వచ్చే వెలుగును బట్టి. నల్లని, మెరిసే లోహం, అద్దం, ప్లాస్టిక్ పట్టా కూడా అలాంటి వెలుగునే పంపుతాయి. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు బానెట్ మీద ఆడ తూనీగ తోక కొసతో టపటపా కొడుతూ కనిపిస్తే, అది గుడ్లు పెడుతోందన్నమాట. ఆ వేడికి అవి నిమిషాల్లో ఎండిపోతాయి.